కారు ఇంజనులో ఇ.జి.ఆర్. వాల్వు: లోపమును గుర్తించు విధానము

నేడు పల్లెలలో పశువుల కొట్టము ప్రక్కనే డీజిల్ కారు గాని, చిన్న సరకుల బండి గాని నిలిచియుండుట సామాన్యమైనది. విత్తనములు తెచ్చుటకు, కూరగాయలను తెల్లవారక ముందే సంతకు చేర్చుటకు, ఆపద వచ్చినపుడు రోగిని పట్టణమునకు తీసికొనిపోవుటకు ఈ బండియే ఆధారము. అట్టి బండి ఒకనాడు నల్లని పొగ క్రక్కుచు, చిన్న ఎత్తు కూడ ఎక్కలేక, కూడలిలో ఆగిపోయినచో యజమాని పడు ఇబ్బంది ఇంతంత కాదు.

ఇట్టి సమయమున డీజిల్ పంపు చెడినదనియు, ఇంజెక్టర్లు మార్చవలెననియు, టర్బో పోయినదనియు తలకొక మాట చెప్పుదురు. రైతు వేలకొలది రూపాయలు ఖర్చు పెట్టును. తుదకు చూడగా కారణము అరచేతిలో ఇముడు ఒక వాల్వులో పేరుకొన్న మసి మాత్రమే కావచ్చును. దీనికి విరుద్ధముగా, వాల్వు బాగుగనే ఉండగా దానిని తీసివేసి క్రొత్తది వేయించి, లోపము అట్లే నిలిచియుండుటయు కలదు. ఈ రెండు విధముల నష్టమును తప్పించుకొనుటకు ఇ.జి.ఆర్. వాల్వును గూర్చి కారు గల ప్రతి రైతును, సర్కారు బండ్లను వాడు గ్రామోద్యోగులును కొంత తెలిసికొనుట అవసరము.

ఇ.జి.ఆర్. అనగానేమి?

ఎగ్జాస్ట్ గ్యాస్ రీసర్క్యులేషన్ అను మాటలకు ఇ.జి.ఆర్. అనునది పొట్టిపేరు. ఇంజనులో మండి బయటికి పోవు పొగలో కొంత భాగమును మరల ఇంజనులోనికే పంపుట దీని పని. పొగ పోవు గొట్టమునకును, గాలి వచ్చు గొట్టమునకును నడుమ ఒక చిన్న దారి ఉండును. ఆ దారిలో అమర్చిన తలుపే ఇ.జి.ఆర్. వాల్వు. చెరువునకు తూము ఎట్టిదో, ఈ దారికి ఈ వాల్వు అట్టిది. కావలసినపుడు కావలసినంత తెరచుకొని, అక్కరలేనపుడు గట్టిగా మూసికొనవలెను.

కాలిన పొగను మరల లోనికి పంపుట ఎందుకని మీరు అడుగవచ్చును. మనము పీల్చు గాలిలో 100 పాళ్లకు 78 పాళ్లు నత్రజని, 21 పాళ్లు ప్రాణవాయువు ఉన్నవి. మామూలు వేడిలో ఈ రెండును కలియవు. కాని ఇంజను సిలిండరులో మంట వేడి సుమారు 1,500 డిగ్రీల సెంటీగ్రేడును మించినపుడు ఇవి కలిసి నత్రజని ఆక్సైడులు ఏర్పడును. పొయ్యిలో మంట మరీ ఎగసినపుడు కొంచెము నివురు కప్పినచో మంట అణగును గదా! అదే విధముగ, ఒకసారి మండిన పొగలో ప్రాణవాయువు తక్కువగ ఉండుటచే, అది క్రొత్త గాలితో కలిసినపుడు మంట తీవ్రత తగ్గును. అందుచే నత్రజని ఆక్సైడులు తక్కువగ పుట్టును.

ఈ వాయువులు మన ఊపిరితిత్తులకు హానికరములు. పైరులకును మంచివి కావు. ఎండలో ఇవి ఇతర ఆవిరులతో కలిసి నేలకు దగ్గరగా ఓజోను అను వాయువును పుట్టించును. ఈ ఓజోను ఆకుల మీది సూక్ష్మరంధ్రముల ద్వారా లోనికి పోయి ఆకును దెబ్బతీయును. గోధుమ, సోయాచిక్కుడు వంటి పైరులు దీనికి త్వరగా లోనగును. కావున బండి పొగను అదుపులో నుంచుట పట్టణవాసుల మేలుకొరకు మాత్రమే అని తలపరాదు.

అమెరికాలో 1970 తరువాతి తొలి సంవత్సరములలోనే కార్లకు ఈ వాల్వును అమర్చసాగిరి. మన దేశములో 2020 ఏప్రిల్ 1 నుండి అమ్మబడు క్రొత్త బండ్లకు భారత్ స్టేజి 6 నియమములు వర్తించినవి. 50 హార్సుపవరుకు మించిన క్రొత్త ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుండి ట్రెమ్ 4 నియమములు వచ్చినవి. అందుచే కారులోనే గాక, పెద్ద ట్రాక్టరులో కూడ ఈ వాల్వు మీకు కనబడవచ్చును.

వాల్వు రకములు

పాత బండ్లలో వాక్యూము రకము వాల్వు ఉండును. దీనికి పైభాగమున రేకు డిప్ప, దాని లోపల రబ్బరు పొర ఉండును. సన్నని రబ్బరు గొట్టము ద్వారా గాలిని పీల్చినపుడు పొర పైకి లేచి వాల్వు తెరచుకొనును. క్రొత్త బండ్లలో విద్యుత్ మోటారుతో పనిచేయు రకము ఉండును. దీనికి తీగెల ప్లగ్గు ఉండును. ఎంత తెరచుకొనవలెనో ఇంజను కంప్యూటరు ఆజ్ఞాపించును. ఎంత తెరచుకొన్నదో లోపలి సెన్సారు తిరిగి తెలుపును.

పెట్రోలు ఇంజనులో ఐడిలింగులో నున్నపుడును, పూర్తిగా రైజు చేసినపుడును ఈ వాల్వు సాధారణముగ మూసికొని ఉండును. డీజిల్ ఇంజనులో తక్కువ బరువుతో నడచునపుడు ఎక్కువగ తెరచుకొని, పూర్తి బలము కావలసినపుడు మూసికొనును. ఈ భేదమును గుర్తుంచుకొనిన పరీక్షలలో పొరపాటు రాదు.

ఎట్లు చెడును?

పొగతోపాటు మసి వచ్చును. దానికి ఇంజను ఆయిలు ఆవిరి తోడైనచో తారువలె జిగురు ఏర్పడి వాల్వు కూర్చుండు చోట గట్టిపడును. తూము తలుపు క్రింద రాయి అడ్డుపడినచో అది పూర్తిగా మూసికొనదు. ఒండ్రు పేరుకొనినచో నీరు పారదు. వాల్వునకును ఈ రెండు అవస్థలే ముఖ్యముగ కలుగును.

1. తెరచుకొని నిలిచిపోవుట: అక్కరలేనపుడు కూడ పొగ లోనికి పోవును. ఐడిలింగులో ఇంజను వణకును, ఒక్కొక్కప్పుడు ఆగిపోవును. స్టార్టు చేయుట కష్టమగును. పికప్పు తగ్గును. డీజిల్ బండి నల్లని పొగ విడుచును. డీజిల్ ఖర్చు పెరుగును. వేగముగ పోవునపుడు ఈ బాధ కొంత తక్కువగ తోచును.

2. మూసికొని నిలిచిపోవుట, లేక దారి పూడిపోవుట: డీజిల్ బండి నడపువానికి ఏ తేడాయు తెలియకపోవచ్చును. కొందరికి బండి ఇంకను చురుకుగ నున్నట్లు కూడ తోచును. కాని నత్రజని ఆక్సైడులు పెరుగును. చెక్ ఇంజన్ లైటు వెలుగును. పెట్రోలు బండిలో బరువు లాగునపుడు టకటకమను నాకింగు శబ్దము రావచ్చును.

ఇవిగాక రబ్బరు పొర చినుగుట, మోటారు కాలిపోవుట, తీగె తెగుట, సెన్సారు తప్పు చెప్పుట అనునవియు కలవు.

వాల్వును విప్పుటకు ముందు

పైన చెప్పిన లక్షణములలో పెక్కు ఇతర కారణముల వలన కూడ కలుగును. కావున ఖర్చు లేని వానిని మొదట చూచి, తరువాత వాల్వు జోలికి పోవలెను. క్రింది వరుసను పాటింపుడు.

1. ఎయిర్ ఫిల్టరు: దుమ్ము పట్టిన ఫిల్టరు కూడ నల్లపొగకు, బలహీనతకు కారణము. వరి నూర్పిళ్ల కాలమున, మట్టిదారులలో తిరుగు బండ్లకు ఇది త్వరగా పూడును. తీసి వెలుతురునకు ఎదురుగ పట్టి చూడుడు.

2. టర్బో గొట్టములు: టర్బో నుండి ఇంజనుకు పోవు రబ్బరు గొట్టము చిట్లినను, క్లిప్పు వదులైనను గాలి బయటికి పోవును. రైజు చేసినపుడు బుస్సుమని శబ్దము వచ్చును. అతుకుల వద్ద ఆయిలు తడి కనబడును.

3. డీజిల్ ఫిల్టరు: అందులో నీరు చేరినదేమో వదలి చూడుడు.

4. తీగెలు, ప్లగ్గులు: కొట్టములో నిలిపిన బండి తీగెలను ఎలుకలు కొరుకుట సామాన్యము. వాల్వు ప్లగ్గును ఊడదీసి చిలుము గాని, ఆయిలు గాని, విరిగిన పిన్ను గాని ఉన్నదేమో చూడుడు.

5. గాలిని కొలుచు సెన్సారు: ఎయిర్ ఫిల్టరు తరువాత గొట్టములో ఉండును. పెక్కు బండ్లలో ఇ.జి.ఆర్. పనిని కంప్యూటరు ఈ సెన్సారు లెక్కను బట్టియే ఊహించును. దీనికి దుమ్ము పట్టినచో నేరము వాల్వు మీద పడును.

వాక్యూము రకమును పరీక్షించుట

ఇంజను చల్లగా నున్నపుడు వాల్వు వద్ద సన్నని గొట్టమును ఊడదీసి, గొట్టము చివరను చిన్న బోల్టుతో బిగించి మూయుడు. తరువాత ఇంజను స్టార్టు చేసి వేడెక్కనిండు. వణకు, నల్లపొగ తగ్గిపోయినచో వాల్వు తనంతట తాను మూసికొనగలుగుచున్నదని అర్థము. దానిని అకాలమున తెరచుచున్న కంట్రోలు సోలినాయిడును చూడవలెను. తగ్గనిచో వాల్వు మసితో తెరచుకొని నిలిచియుండవచ్చును.

మెకానిక్ వద్దనుండు చేతి వాక్యూము పంపును వాల్వునకు తగిలించి, ఇంజను ఆపియుండగా గాలిని పీల్పుడు. పంపు ముల్లు నిలువక పడిపోయినచో రబ్బరు పొర చినిగినది. ముల్లు నిలిచి, లోపలి కడ్డీ మాత్రము కదలనిచో మసి పట్టినది. కడ్డీ చక్కగ కదలినచో, ఇంజనును ఐడిలింగులో నుంచి మరల పీల్పుడు. పెట్రోలు ఇంజను తడబడవలెను, లేక ఆగిపోవలెను. డీజిల్ ఇంజను శబ్దము మారవలెను. ఏ మార్పును లేనిచో వాల్వు మంచిదే. పొగ వచ్చు దారి పూడినది.

విద్యుత్ రకమును పరీక్షించుట

ఈ రకమును చేతితో గాని, స్క్రూడ్రైవరుతో గాని త్రోసి చూడరాదు; లోపలి పండ్ల చక్రములు విరుగును. దీనికి స్కానరు కావలెను. స్టీరింగు క్రింద నుండు ఓ.బి.డి. సాకెట్టులో దానిని తగిలింతురు. మెకానిక్ కోడు చదువునపుడు మీరు ప్రక్కన నిలిచి, సంఖ్యను కాగితము మీద వ్రాసికొనుడు. ముఖ్యమైనవి ఇవి:

పి 0401: పొగ కావలసినంత పారుట లేదు.
పి 0402: పొగ మితిమీరి పారుచున్నది.
పి 0403: విద్యుత్ తీగెల మార్గములో లోపము.
పి 0404: వాల్వు ఆజ్ఞ ప్రకారము కదలుట లేదు.
పి 0405, పి 0406: వాల్వు స్థితిని తెలుపు సెన్సారు లెక్క మరీ తక్కువ, లేక మరీ ఎక్కువ.

కోడు వచ్చినంత మాత్రమున వాల్వు చెడినదని తీర్మానింపరాదు. కోడు ఫిర్యాదు వంటిది. విచారణ చేసిన పిమ్మటనే తీర్పు. విచారణ ఇట్లు చేయవలెను. స్కానరులో వాల్వునకు ఇచ్చిన ఆజ్ఞ, వాల్వు నిజముగ తెరచుకొన్న కొలత, ఈ రెండును పక్కపక్కన కనబడును. ఆజ్ఞ 0 ఉండగా కొలత 18 శాతము చూపినచో వాల్వు పూర్తిగా మూసికొనుట లేదు. ఆజ్ఞ మార్చినను కొలత కదలనిచో మసి పట్టుటయో, మోటారు చెడుటయో జరిగినది. కొలత ఆజ్ఞను అనుసరించి సరిగా మారుచున్నను, ఇంజనులోనికి పోవు గాలి లెక్కలో మార్పు లేనిచో దారి పూడినదని గాని, గాలి సెన్సారు తప్పు చెప్పుచున్నదని గాని తెలిసికొనవలెను. వాల్వు తెరచుకొన్నపుడు పొగ చోటు ఆక్రమించుటచే క్రొత్త గాలి తగ్గవలెను గదా!

ఒక ఉదాహరణ చూడుడు. ఒక డీజిల్ కారు ఐడిలింగులో వణకుచు, నల్లపొగ విడుచుచున్నది. ఎయిర్ ఫిల్టరు క్రొత్తది. గొట్టములు బాగున్నవి. డీజిల్‌లో నీరు లేదు. స్కానరు పి 0402 చూపినది. ఆజ్ఞ 0, కొలత 18. ఇక వాల్వును విప్పి చూచుట న్యాయము. శుభ్రపరచిన తరువాత కొలత 0కు వచ్చి, వణకు పోయినచో క్రొత్త వాల్వుతో పనిలేదు. శుభ్రపరచినను కొలత 0కు రానిచో అపుడు మార్చవలెను. ఈ వరుసలో పోయినచో ఏ ఖర్చును గుడ్డిగా చేసినట్లు కాదు.

కూలరు కారుట

పెక్కు డీజిల్ బండ్లలో పొగను చల్లార్చుటకు ఇ.జి.ఆర్. కూలరు ఉండును. ఇందులో ఒక ప్రక్క పొగ, మరొక ప్రక్క రేడియేటరు కూలంటు పారును. నడిమి రేకు చిట్లినచో కూలంటు ఇంజనులోనికి పోవును. క్రింద ఒక్క చుక్క కారకున్నను కూలంటు తగ్గుట, ఇంజను వేడెక్కిన తరువాత కూడ తియ్యని వాసనతో తెల్లపొగ వచ్చుట దీని లక్షణములు. హెడ్డు గాస్కెట్టు పోయినను ఇవే లక్షణములు కనబడును. కావున ప్రెషరు పరీక్ష చేయించి తేల్చుకొనవలెను. అంతవరకు బండిని నడపరాదు; ఇంజను పూర్తిగా పాడగు ప్రమాదము కలదు. వేడిగా నున్నపుడు రేడియేటరు మూత తీయరాదు.

శుభ్రపరచు విధానము

ఇంజను పూర్తిగా చల్లారవలెను. బ్యాటరీ నెగటివు తీగెను తీసివేయుడు. వాల్వు ప్లగ్గును, బోల్టులను జాగ్రత్తగ విప్పుడు. చేతి తొడుగులు, కళ్లద్దాలు ధరించి, ఆరుబయట కార్బను క్లీనరు ద్రవమును చల్లి, మెత్తని బ్రష్షుతో మసిని తీయుడు. బీడీ, చుట్ట, దీపము దరిదాపులలో ఉండరాదు. ఆ ద్రవము సులభముగ అంటుకొనును. మోటారు, ప్లగ్గు ఉన్న భాగమును ద్రవములో ముంచరాదు. వాల్వు కూర్చుండు అంచును గీకినచో గీతలు పడి, మరల కారును. దారిలోని మసిని తీయునపుడు పెళ్లలు ఇంజనులో పడకుండ గుడ్డతో అడ్డు పెట్టి, ఆ గుడ్డను మరువక తీసివేయుడు. మరల బిగించునపుడు క్రొత్త గాస్కెట్టు వేయవలెను. తరువాత కోడును చెరిపి, కొన్ని బండ్లలో వాల్వు మూసికొను స్థానమును స్కానరుతో మరల నేర్పింపవలెను. ఈ పని చేయనిచో శుభ్రమైన వాల్వు కూడ తప్పుగ నడచును.

ఇంజను నడచుచుండగా చేయు ఏ పరీక్షనైనను తలుపులు మూసిన షెడ్డులో చేయరాదు. పొగలోని కార్బను మోనాక్సైడునకు రంగు లేదు, వాసన లేదు. అది మనిషి ప్రాణము తీయును.

రేకుతో మూసివేయుట తగునా?

వాల్వు దారికి రేకు అడ్డము పెట్టి బిగించిన పీడ వదలునని కొందరు సలహా ఇత్తురు. ఇది నియమములకు విరుద్ధము; బండికి గ్యారంటీ కాలము మిగిలియున్నచో అదియు పోవును. క్రొత్త బండ్లలో కంప్యూటరు దీనిని వెంటనే కనిపెట్టి లైటు వెలిగించును. పెక్కింటిలో ఇంజను బలమును తగ్గించును. "కాలుష్య తనిఖీలో నెగ్గినది గదా" అను వాదము చెల్లదు. ఆ తనిఖీలో డీజిల్ బండి పొగ చిక్కదనమును మాత్రమే కొలుతురు. నత్రజని ఆక్సైడులను కొలువరు. సర్టిఫికెట్టు చేతిలో ఉన్నను, ఆ వాయువు మీ వీధిలోను, మీ పొలము గట్టునను వదలుచునే ఉండును.

వాల్వు తెరచుకొని చెడినదానిని పట్టించుకొనకుండుటయు నష్టమే. భారత్ స్టేజి 6 డీజిల్ కార్లలో మసిని పట్టు డి.పి.ఎఫ్. అను ఫిల్టరు ఉండును. మసి ఎక్కువైనచో అది త్వరగా పూడును. దాని వెల వాల్వు వెలకంటె చాల ఎక్కువ.

ముందు జాగ్రత్తలు

1. ఊరిలోనే రెండు మూడు కిలోమీటర్లు తిరిగి ఆపు అలవాటు వలన ఇంజను వేడెక్కక మసి పేరుకొనును. వారమునకు ఒకమారైనను, వీలున్న రోడ్డు మీద అరగంటసేపు నిలుకడ వేగముతో నడుపుడు.

2. మాటలాడుచు, ఎవరికొరకో ఎదురుచూచుచు ఇంజనును గంటల తరబడి ఐడిలింగులో ఉంచకుడు.

3. కంపెనీ పుస్తకములో చెప్పిన గ్రేడు ఇంజను ఆయిలునే, చెప్పిన గడువునకే మార్చుడు. ఆయిలు తగ్గిపోవుచున్నచో కారణము వెదకుడు.

4. ఇంజను ఎంతసేపటికిని వేడెక్కనిచో థర్మోస్టాటును చూపింపుడు.

5. కల్తీ లేని డీజిల్‌ను నమ్మకమైన బంకులో పోయింపుడు. డబ్బాలలో నిలువచేసిన డీజిల్‌ను వడకట్టక పోయరాదు.

6. గ్రామోద్యోగులు సర్కారు బండి లాగుబుక్కులో చెక్ ఇంజన్ లైటు వెలిగిన తేదీ, కిలోమీటర్లు, కోడు సంఖ్య, చేసిన పని వ్రాసి ఉంచుట మంచిది. మరుసటి మారు మెకానిక్‌కు ఇదియే దారి చూపును.

పైరుకు తెగులు సోకినపుడు పేరు తెలియక మందు చల్లినచో మందు దండుగ, పైరు దండుగ. ఇంజను విషయములోను అంతే. మొదట ఫిల్టరు, గొట్టములు, తీగెలు, పిదప కోడు, కొలత, ఆ తరువాత శుభ్రపరచుట, చివరకు మార్చుట. ఈ క్రమమును తప్పక పాటించి, మెకానిక్ "వాల్వు మార్చవలెను" అని చెప్పినపుడు "ఆజ్ఞ ఎంత, కొలత ఎంత?" అని అడుగుడు. సరియైన జవాబు వచ్చిన తరువాతనే సంచి విప్పుడు.